నెట్టికంటప్ప చేసిన ఉగ్గాని

"ఇట్లా ఇయ్యి రేణుకమ్మా ఆ బొరుగులు. గంపెడు ఇయ్యి, బేసిన్ నిండా నీళ్లు కూడా. పంపన్న ఏమన్నాడు? ఆదివారం మనవరాలికి అన్నప్రాశన, రెండు నూర్ల మంది బోజనాలకు వస్తాండారు, వంటాయన చూస్తే చెయ్యి ఇరగ్గొట్టుకొని కూచున్నాడు, ఇప్పుడు నీ టీ కొట్లో నేను బొరుగుల ఉగ్గాని చేసి మెప్పిస్తే ఆ వంట నాదే అన్నాడు. అంతే కదప్పా పంపన్నా?"

"అంతే. కానీ షుగరోళ్లు తినాల, పిల్లోళ్లూ తినాల. అట్లా చెయ్యాల."

"ఇదో, బొరుగులు నీళ్లల్లో ఏసేసినా. నానతా ఉండనీ. ఈలోపల ఒక్క సంగతి చెప్తా ఇనండి. యాభై ఏండ్లొచ్చినా ఈ కురుగోడులో నన్ను ఒక్కరూ పొయ్యి కాడ నిలబడనియ్యలేదప్పా. మా ఇంటామె అయితే గరిటె కూడా ముట్టనియ్యదు. ఒక్కసారి నలుగురికీ వండి పెట్టాలని నాకెంత ఆశో మీకు తెల్దు.

మొన్న మా ఇంటామె ఊర్లో లేనప్పుడు మా మనవరాలు యశోద ఆకుకూర తిననంటే తిననని మొండికేసింది. నేనేం చేసినా? మెంతాకు సన్నగా తరిగి, జొన్నపిండిలో కలిపి, రొట్టె తట్టి, నక్షత్రాల మాదిరి కోసి పెట్టినా. నాలుగు తినేసి, ఇంకా ఏదీ తాతా అనింది!"

"ఇంతవరకూ నమ్మొచ్చులే," అన్నాడు కాలవ కింద వరి పండించే పున్నయ్య, టీ గ్లాసు కింద పెడుతూ.

"అయిపాయననుకున్యావా? ఆ వాసనకు వీధి పిల్లోళ్లంతా వచ్చిరి, ఇస్కూలు బస్సు మా వాకిట్లో నిలబడిపాయ, డ్రైవరు కూడా దిగి కూచునె. పెనం చాల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన కొండ మీద బండ ఉండాది కదా, ఎండకు కాలి ఎర్రగా ఉండె, దాని మీదే తట్టినా. ఒక్కో రొట్టె ట్రాక్టరు చక్రమంత! తిరగెయ్యనీకి పన్నెండు మంది గడ్డపారలు పట్టుకొని ఎక్కిరి!"

"మాడలేదా?" అంది రేణుక.

"నేనుండంగ ఎట్లా మాడతాదమ్మా? బళ్లారి నుంచి ఒక డాక్టరమ్మ పరిగెత్తుకుంటా వచ్చి, తిన్నోళ్లందరికీ మిషన్ పెట్టి చూసె. ఒక్కరికీ షుగరు లేదు! ఆఖరికి ఆ మిషన్‌కే షుగరు పడిపోయి, కండ్లు తిరిగి కింద పడె. నోట్లో బెల్లం ముక్క పెడితే లేసింది!"

"నెట్టికంటప్పా, ఆ బొరుగులు..." అనబోయింది రేణుక.

"ఉండమ్మా, అసలు ముచ్చట ముందర ఉండాది! ఉగాదికి పాయసం చేసినా. చక్కెర బిల్కుల్ లేదు. కొర్రలు, పెసరపప్పు, బెల్లం, అంతే. గుండిగ చాలక కాలవలో చేసినా."

"మా కాలవలోనా?" పున్నయ్య ముందుకు జరిగాడు.

"మీ కాలవలోనే! పై తూము కాడ బెల్లం ఏస్తే కింది తూము కాడికి పాకమొచ్చె. ఆ నీళ్లు నీ మడికి పారె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీ వరి గింజ గింజా తీపి! కోత మిషన్ రాకముందే చీమలొచ్చి కోసి, మోపులు కట్టి, గట్టు మీద పేర్చిపెట్టి పాయ!"

"అదా సంగతి! కోసిందెవరో తెలీక ఇన్నాళ్లూ మథనపడుతున్నానయ్యా. చీమలకు కనీసం కాఫీ నీళ్లన్నా పొయ్యలేకపోయాను," అన్నాడు పున్నయ్య.

అందరూ నవ్వారు. నెట్టికంటప్ప కూడా నవ్వి, మరో కథకు గొంతు సవరించుకున్నాడు. ఈసారి రేణుక ఆగలేదు. బేసిన్‌ను అతని ముందుకు లాగింది.

"ఉగ్గానికి బొరుగులు నీళ్లల్లో ముంచీ ముంచంగానే పిండి తీయాలప్పా. నువ్వు ఏసి అర్ధగంటయింది. తియ్యి, చూద్దాం."

నెట్టికంటప్ప చెయ్యి పెట్టాడు. ఒక్క బొరుగూ చేతికి తగల్లేదు. వేళ్ల సందుల్లోంచి తెల్లటి గుజ్జు జారింది. మొహం చిన్నబోయింది.

"ఇది... కొత్త రకం," అన్నాడు మెల్లగా.

పంపన్న వేలితో కాస్త తీసి నాలుకకు రాసుకున్నాడు.

"ఆదివారం తప్పకుండా రాప్పా నెట్టికంటప్పా. రెండు నూర్ల మందికి రేణుకమ్మ వండుతాది. మా పాపకు ఇంకా పండ్లు రాలేదు, ఆమెకు నువ్వు వండు."