ఓడలో అరెకరం మిరప

జానకిరామయ్య నోరు తెరిచాడంటే సుభానీ కొట్టులో అందరి టీలూ చల్లారాల్సిందే. బొల్లాపల్లి మెట్టరైతు, సముద్రం మొహం చూసిన పాపాన పోలేదు. అయినా మనవరాలు వెన్నెల ఫోనులో ఓడదొంగల ఆట నేర్పిన నాటినుంచి ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. ఆ ఆదివారం సాయంత్రం నరసరావుపేటలో ఆయనకు దొరికిన శిష్యుడు అక్రం, బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్.

అక్రం ఊరికే రాలేదు. అతని కూతురు జాస్మిన్ ఇంటర్ చదువుతోంది. బండి మీదనుంచి పడి కాలు విరిగి రెండు నెలలుగా మంచంలోనే ఉంది, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. అలాంటి పిల్ల పొద్దున తనంతట తానే తండ్రిని పిలిచి, "అబ్బా, ఆరింటికి ఆటలో నా ఓడెక్కుతావా?" అని అడిగింది. సరేనన్నాడు గానీ, తన చేతకానితనానికి ఓడ మునిగితే పిల్ల మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుందేమోనని అతని భయం.

"కొత్తోడివి గాబట్టి చెప్తన్నా, రాసుకో. దిగంగానే లంగరెత్తబాక. రేవులో పీపాలుంటాయి, అన్నీ తడుముకో, బొక్కలు పడితే కొట్టటానికి చెక్కలు, దెబ్బ తగిలితే తినటానికి అరటిపళ్ళు, ఫిరంగి గుళ్ళు, ఇయ్యన్నీ సర్దుకున్నాకనే కదలాల. నేను మొదటిరోజు అట్నే కదిలా. పోంగ పోంగ రెండు ఓడలు అడ్డమొచ్చినాయి, ఒక్క గుండు ఏసా, ఆ ఓడలో దూరి ఈ ఓడలోంచి బయటికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో ఏడు ఓడలొచ్చినాయి."

"మొన్న నాలుగన్నావు గదా," అన్నాడు సుభానీ పాలు కలుపుతూ.

"మిగతా మూడూ ఇప్పుడు గుర్తొచ్చినాయిలే. గుళ్ళయిపోతే అరటిపళ్ళు కూరి పేల్చా. జారిపడ్డోళ్ళు ఇంతవరకూ లేవలా."

కొట్టులో అందరూ నవ్వారు. అక్రం మాత్రం శ్రద్ధగా చిట్టీ మీద అరటిపళ్ళు అని రాసుకున్నాడు.

"అంతలో గాలి పడిపోయింది, అడుగునుంచి కొండవీడు కొండంత ఆక్టోపస్ లేచింది, ఎనిమిది చేతులు. భయపడతానా? నాలుగు జతల ఎడ్లనుకొని కాడి కట్టి అదిలించా. సముద్రంలో సాళ్ళు పడినాయనుకో. ఆ ఊపుకి ఓడకు బొక్కలు పడి నీళ్ళు లోపలికొచ్చినాయి. నీళ్ళకు మొగం వాచినోళ్ళం, ఒదుల్తామా? పీపాలన్నీ నింపా. ఇంకా మిగిలితే ఓడ అడుగున అరెకరం మిరప ఏసా. మూడు కోతలు కోసా."

అక్రం పెన్ను ఆపి, ఫోనులో కూతురు పంపిన మెసేజి మళ్ళీ చదివాడు.

"మామా, మా పిల్ల వేరేగా రాసిందే. ఓడలో నీళ్ళు చేరితే బకెట్టుతో తోడి పారబోయాలంట, లేకపోతే మునుగుద్దంట. మరి నువ్వు నింపుకున్నానంటివి. మునగలా?"

సుభానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. జానకిరామయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మునిగింది. తాతా, పారబొయ్యి పారబొయ్యి అని వెన్నెల మొత్తుకుంటానే ఉంది. నాకు చెయ్యి రాలేదు అక్రం. మూడు బోర్లేస్తే మూడూ ఎండిపోయినాయి నాకు. కళ్ళముందుకొచ్చిన నీళ్ళు ఎట్టా పారబోసేది?"

ఎవరూ నవ్వలేదు. ఆయన పొలంలో దించిన మోటార్లను మళ్ళీ పైకి లాగింది అక్రమే.

"ఎన్నిసార్లు మునిగింది మామా?" మెల్లగా అడిగాడు.

"పదిహేడు."

"పిల్ల కోప్పడలా?"

"పడకేం, తిడతది. తిట్టి, ఇంకో ఓడ తీశా ఎక్కు తాతా అంటది. ఒక్కరోజన్నా నన్నొదిలి పోలా."

అక్రంకి ఆ మాటతో గుండె తేలికైంది. ఆరు కావస్తోంది. కొట్టు బయటికొచ్చి కూతురికి ఫోను చేశాడు.

"వస్తన్నానమ్మా. నాకేమీ రాదు, ముందే చెప్తన్నా. ఓడ మునుగుద్దేమో."

రెండు నెలలుగా అతను వినని నవ్వు వినిపించింది.

"మునిగితే మునుగుద్దిలే అబ్బా. నువ్వు రా."