త్రినాథ్ లివరుకు పెట్టిన పరీక్ష

పర్చూరులో ఎలీసమ్మ టీకొట్టు బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. లివరుకి కొవ్వు పట్టిందనీ, ఏం తినాలో డాక్టరు కాగితం రాసిచ్చాడనీ జోసఫ్ దిగులుగా చెబుతుంటే, మిరపనారు అమ్మే త్రినాథ్ గ్లాసు కింద పెట్టాడు.

"లివరు సంగతి నన్నడగరా జోసఫూ. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, పోయినేడు గుంటూరులో పరిశోధన జరిగితే నన్ను పిలిచారు. మనం తినే పప్పూ, గుడ్డూ కడుపులో అమైనో యాసిడ్లుగా విడిపోతాయి. కొన్నింటిని ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. రాకపోతే లివరు కనిపెట్టేస్తది. లోపలుండే జీన్లని, మన మోటారు స్టార్టర్లల్లే, కొన్ని ఆపి కొన్ని ఆన్ చేస్తది. నాకు ఒక్క యాసిడ్ లేకుండా తిండి పెట్టారు. ఇంకొకడైతే నీరసపడిపోయేవాడు. నాకు మూడోరోజు కుడి డొక్కలో టక్కుమంది. స్టార్టరు పడింది."

"నీకు వినపడిందా?" అన్నాడు జోసఫ్.

"నాకేంటి, తలుపెవరు కొట్టారని పక్క గదిలో నర్సు లేచొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరిగేసరికి వెయ్యి స్టార్టర్లు పడ్డాయి. తిండిలో లేని యాసిడ్ నా లివరే తయారుచేసి, నాకు పోను మిగిలింది చెమటలో వదిలేది. నేను స్నానం చేసిన నీళ్లు పారిన మిరపచెట్టుని నిచ్చెనేసి కోశారు. చివరికి పెద్ద డాక్టరు నా డొక్కకి రెండు వైర్లు తగిలిస్తే ఐదు హార్స్‌పవర్ మోటారు తిరిగింది, రెండెకరాల పత్తి తడిసింది, అద్దంకి దాకా లైట్లు వెలిగాయి."

"లైన్‌మన్‌ని పిలవలేదా అన్నా?" అంది ఎలీసమ్మ టీ వడగడుతూ.

"పిలిచారు. ఎక్కినోడు భయపడి స్తంభం దిగలేదు."

అందరూ నవ్వారు గానీ జోసఫ్ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అయితే రేపట్నుంచి నేనూ పప్పూ గుడ్డూ మానేస్తాను. నా లివరు కూడా మేలుకుంటే ఇక మాత్రలెందుకు?" అన్నాడు.

బల్ల చివర హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాయన గ్లాసు పక్కన పెట్టాడు. జోసఫ్ వైపు తిరిగాడు.

"ఆ పని చేయకండి. డాక్టరు రాసిచ్చినట్టే తినండి. నా పేరు ముబీన్, ఆ ల్యాబులోనే పనిచేస్తాను. యాసిడ్ లేని తిండి పెట్టింది ఎలుకలకి. ఈయన బోనులు కడగడానికి వచ్చేవారు. రెండు నెలలయ్యాక ఎలుకల లివర్లు పరీక్షిస్తే, పడాల్సిన స్టార్టరు ఒక్కటీ పడలేదు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక పరిశోధన నడిపే మా మేడం ఏడ్చినంత పనిచేశారు. తీరా కెమెరా చూస్తే, ఈయన రోజూ క్యారియర్ విప్పి వాటికి పప్పన్నం ముద్దలు పెడుతున్నారు. మొత్తం మళ్లీ మొదటికొచ్చింది."

త్రినాథ్ ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"వాళ్లు పెట్టింది ముట్టుకునేవి కావు బాబూ. నా వంకే చూసేవి" అన్నాడు మెల్లగా.

కండువా సర్దుకున్నాడు.

"అయినా ఉత్త పప్పు కాదు. గోంగూర పప్పు."