మీది ఏ గట్టు?

మడివి సోమిడి అని ఒకావిడ ఉండేదంట, కొండ మీద కోయగూడెంలో. మొగుడు ఉంగయ్య. ఆవిడకి తెలుగు బాగా వచ్చు, ముప్పై ఏళ్ళుగా సంతలో చింతపండు అమ్మిన మనిషి గదా. ఆయనకి మాత్రం ముక్క రాదు, కొండ దిగితేగా రావడానికి. ఏమైందంటే, ఎవరిదో ఎద్దు తప్పిపోయి వీళ్ళ మందలో కలిసింది. ఉంగయ్య దాన్ని కట్టేసి, మేతేసి, ఎవరన్నా వెతుక్కుంటూ వస్తారులే అని చూస్తన్నాడు. వచ్చారు, పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. దొంగతనం అన్నారు, కోర్టులో నిలబెట్టారు.

కోర్టులో ఈయన మాట జడ్జిగారికి తెలీదు, ఆయన మాట ఈయనకి తెలీదు. మధ్యలో దుబాసీ కావాలి గదా. పూర్వం కచేరీలోనే ఉండేవాడంట, ఇప్పుడు ఆ పని పట్నం కంపెనీకి ఔట్‌సోర్సింగ్ ఇచ్చేశారు, కంపెనీ ఒక ఇస్త్రీ చొక్కా ఆసామిని పంపింది. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. కోయవాళ్ళు ఇద్దరు కొత్తగా కలిస్తే ముందు మీది ఏ గట్టు అని అడుగుతారు. గట్టంటే ఇంటిపేర్ల గుంపు అనుకో. అది తెలిస్తేగాని ఎదుటివాడు అన్నదమ్ముడో, బావో తేలదు. వరస తేలకుండా మాట మొదలెట్టడం వాళ్ళలో పెద్ద అమర్యాద. ఉంగయ్య మర్యాదస్తుడు, బోనులో నిలబడి, అయ్యా మీది ఏ గట్టు అని కోయలో అడిగాడు. ఆ ఆసామి పలకలేదు. వినపడలేదేమో అని మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. అప్పుడా ఆసామి జడ్జిగారి వైపు తిరిగి, తప్పు ఒప్పుకుంటున్నాడండీ, అనేశాడంట. నవ్వకు వీరాస్వామీ, నవ్వే సంగతి కాదిది, ఆ మాటకి రెండేళ్ళు జైలు పడింది. వెనక బెంచీ మీద ఉన్న సోమిడి లేచి కాదయ్యా కాదయ్యా అని అరిస్తే బంట్రోతు రెక్క పట్టుకుని బయట కూచోబెట్టాడు. కడుపు మండిపోయింది ఆవిడకి, మండదా మరి.

సర్కారు ఇచ్చిన ప్లీడరు ఏమన్నాడంటే, ఆ దుబాసీకి కోయ రాదని కాగితం ఏదన్నా ఉంటే తే అమ్మా, పైకోర్టులో వేద్దాం, ఊరికే చెప్తే వినరు అన్నాడు. సంతలో అర్జీలు రాసే సూరిబాబు దగ్గరికి పోయిందావిడ. సమాచార హక్కు కింద అడుగుదాం అని ఆయన రాశాడు, మా ఆయన గట్టు అడిగితే తప్పు ఒప్పుకున్నాడని ఎందుకు చెప్పారు అని. నెల్లాళ్ళకి జవాబొచ్చింది. ఎందుకు అనేది సమాచారం కాదు, కాగితం ఏదైనా ఉంటే అడగండి అని. సరే, కాగితమే అడిగింది. ఆ దుబాసీకి కోయ వచ్చో రాదో ఎవరు పరీక్ష పెట్టారు, ఆ కాగితం నకలు ఇప్పించండి అని. ఇంకో నెలకి ఇంకో జవాబు. ఆ కాగితాలు కంపెనీ దగ్గర ఉంటాయి, కంపెనీ మా ఆఫీసు కాదు అని. ఇంట్లో వంట చేసింది మేము కాదు, వంటమనిషిని అడగండి అన్నట్టు లేదూ? వండించుకున్నది మీరే గదయ్యా.

అప్పుడు సూరిబాబు పై అధికారికి అప్పీలు పెడదాం అన్నాడు. పెట్టు, కింద ఇంకో ముక్క కూడా రాయి, నేను నా మాట కోయలో చెప్పుకుంటాను, దుబాసీని ఇప్పించండి అని రాయి, అంది సోమిడి. నీకు తెలుగు వచ్చుగదమ్మా, దుబాసీ ఎందుకు అన్నాడాయన. నువ్వు రాయి సూరిబాబూ, అంది. రాశాడు.

అప్పీలు రోజున ఎవరొచ్చారనుకున్నారు? ఇంకెవరు, ఆ ఇస్త్రీ చొక్కా ఆసామే. కంపెనీకి కొండవైపు పంపడానికి ఉన్నది ఆ ఒక్కడే. అధికారి మర్యాదగానే, ఆమె ఏం చెప్పుకుంటుందో అడగండి అన్నాడు. సోమిడి లేచి నమస్కారం పెట్టి, అయ్యా మీది ఏ గట్టు అని కోయలో అడిగింది. ఆసామి తల ఊపాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపాడు. మూడోసారి అడిగాక అధికారి వైపు తిరిగి, అప్పీలు వెనక్కి తీసుకుంటానంటుందండీ, అన్నాడంట.

సోమిడి అప్పుడు నోరు తెరిచింది, శుభ్రమైన సంత తెలుగులో. "అయ్యగారూ, నేను ఈయన్ని అడిగింది మీది ఏ గట్టు అని. మూడుసార్లూ అదే అడిగాను. మా ఆయన కూడా మూడుసార్లూ అదే అడిగాడు. ఈయన మా ఆయన్ని జైలుకి పంపాడు, నన్ను ఇంటికి పంపుతున్నాడు."

అధికారి ఆ ఆసామి వైపు తిరిగి, నీకు కోయ వచ్చని పరీక్ష ఎవరు పెట్టారయ్యా అన్నాడు. ఎవరూ పెట్టలేదండీ, కొండవైపు వెళ్తావా అని కంపెనీవాళ్ళు అడిగారు, వెళ్తానన్నాను, అన్నాడు పాపం. అధికారి ఆ ముక్కంతా రాయించి, ముద్రేయించి, ఆవిడ చేతిలో పెట్టాడు. కాగితం అడిగితే లేదన్నారు గదా, చివరికి ఆవిడే పుట్టించుకుంది కాగితాన్ని.

ఆ కాగితం చూసి పైకోర్టు కేసు మళ్ళీ వినమంది. ఈసారి దుబాసీగా రిటైరైన కోయ పంతులొకాయన వచ్చాడు. బోను దగ్గరికి రాగానే ఆయనే ముందు గట్టు అడిగాడు, బావ వరస తేలింది. ఉంగయ్య ఎద్దు సంగతి పొల్లు పోకుండా చెప్పాడు, జడ్జిగారు విన్నారు, వదిలేశారు. అప్పటికి ఎనిమిది నెలలు పోయాయి, అవి ఎవరిస్తారు?

ఇంతకీ ఉంగయ్య గూడెం చేరి, కాళ్ళు కడుక్కుని, పెళ్ళాన్ని మొదట ఏమడిగాడో తెలుసా? ఆ మొదటాయనది ఏ గట్టో తేలిందా అని. తేలలేదు, దానికి ఇంకో అర్జీ పెట్టాలి అందంట సోమిడి. పెట్టిందేమో నాకు తెలీదు. ఎందుకు పెట్టలేదని మాత్రం నన్నడక్కండి, ఎందుకు అనేది సమాచారం కాదంట గదా.