సీసపు కోటుతో బస్సును ఆపిన అక్కయ్య

1991 జూన్ 3, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఈ ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో రేడియోగ్రాఫరుగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి, రేడియేషన్ భద్రతాధికారిణిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, ముప్పై నాలుగు సంవత్సరాల పాటు వేలాది మంది రోగుల ఎముకలను చూసి, అంతకంటే ఓపికగా వారి భయాలను విన్న మాన్యురాలు మన ‘ఒక్కనిమిషం అక్కయ్య’. అసలు పేరు సర్వీసు రిజిస్టరులో భద్రంగానే ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూస్తారన్న నమ్మకం మాత్రం ఇక్కడ ఎవరికీ లేదు.

ఆమె చేరిన తొలినాళ్లలో ఈ విభాగమంటే ఒక ఇరుకు గది, దాని వెనుక ఫిల్ములు కడిగే చీకటి గది, బయట గోడ పొడవునా రోగులు కూర్చునే బెంచీలు, అంతే. మీట నొక్కడానికి రెండు సెకన్లు చాలు. కానీ నొక్కే ముందు ఆమె “ఒక్క నిమిషం” అని ప్రతి రోగినీ ఆపేవారు. ఇంతకు మునుపు ఎప్పుడు తీయించుకున్నారు, పాత ఫిల్ము ఇంట్లో ఉందా, స్త్రీలైతే గర్భం ఉండే అవకాశం ఉందా అని అడిగి, జవాబు వచ్చాకనే యంత్రం ముట్టుకునేవారు. వరుస చాంతాడంత పెరిగేది. విసుక్కునేవాళ్లు విసుక్కునేవారు, ఆమె వింటేగా! ఒకనాడు రద్దీలో, అలవాటు కొద్దీ ఎనభై ఏళ్ల తాతగారిని కూడా “గర్భం ఏమైనా ఉందా?” అని అడిగేశారు. “ఏమోనమ్మా, అది తేల్చుకుందామనే వచ్చాను” అన్నారాయన పొట్ట నిమురుకుంటూ. ఆ రోజు బెంచీల మీద నొప్పులతో కూర్చున్నవాళ్లు కూడా పడీ పడీ నవ్వారు.

2003లో పదోన్నతి పొందిన వెంటనే, ఎక్స్‌కిరణాల సంగతి సిబ్బందికే కాదు, రోగులకూ తెలిసి తీరాలన్న సంకల్పంతో, ఆమె తన చేతిరాతతోనే ఒక బోర్డు తయారుచేశారు. ‘ఎక్స్‌కిరణాలు హాని చేయగలవు. అనవసరంగా తీయించుకోకండి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త’ అని ఎర్రటి పెద్ద అక్షరాలతో రాశారు. “జనాన్ని ఇలా బెదరగొట్టి పంపేస్తే రేపు మనం ఈగలు తోలుకోవాలి” అన్నారు విభాగాధిపతి అయిన పెద్ద డాక్టరుగారు. ఆమె వారం రోజులు వెంటబడి, బతిమాలి, బోర్డు పెట్టించే దాకా ఊరుకోలేదు. ఆ బోర్డంటే ఆమెకు ఎంత మురిపెమో!

ఆ మురిపెం 2009లో ఒక ఉదయం నిలువునా కూలింది. నాణెం మింగిన నాలుగేళ్ల పాపకు మెడ, ఛాతీ ఫిల్ము తీయమని రాసిన చీటీ ఆమె చేతిలో ఉంది. మూడుసార్లు పిలిచినా ఎవరూ రాలేదు. చీటీలు తీసుకునే అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టింది.

“వాళ్ల నాన్న మీ బోర్డు చదివి ఇప్పుడే బస్టాపుకి తీసుకెళ్లిపోయాడు మేడమ్. పసిపిల్లకి ఎందుకొచ్చిన కిరణాలు, నాణెమే కదా, అదే పోతుందిలే అన్నాడు.”

“పాప ఎలా ఉంది? చూశావా?”

“ఒకటే చొంగ మేడమ్. గౌను ముందంతా తడిసిపోయింది.”

అక్కయ్యగారికి విషయం అర్థమైంది. ఉమ్మి కూడా మింగలేని పాపను తన రాతే ఇంటికి పంపేసింది! కిరణాలు సోకకుండా వేసుకున్న ఐదు కిలోల సీసపు కోటు విప్పాలన్న ధ్యాస కూడా లేకుండా ఆమె పరుగు లంకించుకున్నారు. మందుల దుకాణం దాటి, టైర్ల దుకాణం దాటి, బస్టాపు చేరేసరికి బస్సు కదులుతోంది. వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డారు.

“ఏంటమ్మా, ఇంకో బస్సే దొరకలేదా చావడానికి?” అని డ్రైవరు అరిచాడు. ఆమె ఎక్కి, మూడో సీట్లో గౌను తడిసిన పాపను గుర్తుపట్టారు.

“దిగండి బాబూ. ఫోటో తీయాలి.”

“మీరే కదండీ, పిల్లలకి మంచిది కాదని గోడ మీద రాశారు?” అన్నాడు తండ్రి, పాపను గట్టిగా పొదువుకుంటూ.

“నేనే రాశాను. సగమే రాశాను, తప్పు నాది. ఒక్క ఫోటోతో వచ్చే ప్రమాదం చాలా చిన్నది. గొంతులో ఏముందో తెలీకుండా ఇంటికెళ్లడం చాలా పెద్దది. నా మాట వినండి, దిగండి!”

అతను ఆమె ముఖం కేసి, ఆ కోటు కేసి చూసి, లేచాడు. “నడవండమ్మా” అన్నాడు.

ఫిల్ములో గుండ్రటి బిళ్ల కనిపించింది, కానీ అంచున ఒకదానిలో ఒకటిగా రెండు వలయాలు! నాణేనికి అలా ఉండవు. “ఇది బొమ్మల్లో వేసే బ్యాటరీ బిళ్ల!” అని ఆమె కేక వేయడం, పెద్ద డాక్టరుగారు పరుగున రావడం, గొంతు డాక్టరు చేత గొట్టం వేయించి దాన్ని బయటికి తీయించడం గంటలోపే జరిగిపోయాయి. ఇంకాస్త ఆలస్యమైతే ఆహారనాళానికి చిల్లు పడేదని ఆయనే చెప్పారు. పాప బతికింది! ఆ తండ్రి అక్కయ్యగారి చేతులు పట్టుకుని ఏడ్చాడు, ఆమె కూడా ఏడ్చారు.

“ఆ బోర్డు వద్దని నేను ముందే చెప్పాను కదా. తీసేయండి” అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆమె వెంటనే స్టూలు తెచ్చుకున్నారు. అడ్డుపడింది ఆ తండ్రే.

“తీయకండి సార్. అందులో అబద్ధమేం లేదుగా. మిగతా సగం కూడా రాయించండి.”

ఆ సాయంత్రమే బోర్డు కింద కొత్త వాక్యం చేరింది: ‘డాక్టరు అవసరమని రాసిన ఎక్స్‌రేను భయంతో మానుకోకండి. భయమేస్తే లోపలికి వచ్చి అడగండి.’ వచ్చి అడిగినవారికి విసుగు లేకుండా చెప్పడమే ఆనాటి నుండి ఆమె నిత్యకృత్యమైంది. రోజూ ఉదయం పది నిమిషాలు బెంచీల మధ్య నిలబడి కిరణాల మంచీ చెడూ వివరిస్తూ వచ్చారు. 2014లో భద్రతాధికారిణి అయ్యాక సీసపు కోట్లను మడతపెట్టి పగుళ్లు తెచ్చినవారికి చీవాట్లూ పెట్టారు. బడిపంతులైన భర్తగారి ఫిర్యాదు మాత్రం ఒక్కటే: “ఇంట్లో టీవీ పెట్టబోయినా, అవసరమా అని అడుగుతుందండీ!”

భర్తతో, కూతురితో, రాబోయే మనవలతో అక్కయ్యగారు ఆయురారోగ్యాలతో కలకాలం చల్లగా ఉండాలని, ఇకపై ఈ గదికి మాతో కబుర్లు చెప్పడానికే తప్ప ఎక్స్‌రే బల్ల మీద పడుకోవడానికి రావలసిన అవసరం ఎన్నడూ కలగకూడదని విభాగమంతా మనసారా కోరుకుంటోంది. ఒకవేళ ఎప్పుడైనా డాక్టరు రాసిచ్చి, ఆమె మొండికేసి ఇంటి దారి పట్టినా బెంగ లేదు. బస్టాపు దాకా పరుగెత్తి వెనక్కి తీసుకురాగలవాళ్లను ఈ విభాగంలో పదకొండు మందిని ఆమే స్వయంగా తయారుచేసి వెళ్తున్నారు.