అక్కడ వంటగది కూడా ఉందట

ఆదివారం సాయంత్రం. ఆరిన బట్టలు మంచం మీద కుప్ప పోసుకుని తల్లి మడతలు పెడుతోంది. మంచం అంచున ల్యాప్‌టాప్‌తో కూతురు. ఏసీలు బాగుచేసే తండ్రి కింద చాప మీద కూర్చుని ఇంట్లో మిక్సీని ముక్కలు ముక్కలుగా విప్పి పెట్టుకున్నాడు. చలికాలం కదా, ఆయనకి పని లేదు.

"మళ్లీ చెప్పు చిట్టీ, ఆ మంచు సంగతి."

"ఇది మూడోసారి నాన్నా. యూరప్‌లో మనం వెళ్లే ఆ కొండ ఊళ్లో చలి మైనస్ ఎనిమిది దాకా వెళ్తుంది."

"ఎనిమిదేగా! ఐస్‌క్రీం కొట్టువాడి ఫ్రీజరే పద్దెనిమిది లాగుతుంది. అందులో చెయ్యి పెట్టి గంటసేపు రిపేరు చేసినవాణ్ణి. నన్నా భయపెడతావ్?"

"అందులో చెయ్యే పెట్టావ్. ఇక్కడ మనిషంతా ఉండాలి."

"ఈ సాక్సు రెండోది ఎవరైనా చూశారా?"

"పాతవెందుకులేవే, ఉన్నివి కొందాం. ఏడాది పొడుగునా జనానికి చల్లగాలి అమ్ముకు బతికేవాణ్ణి, అసలు సరుకెలా ఉంటుందో ఒక్కసారి చూడొద్దూ?"

"చూద్దువుగాని నాన్నా, ముందు ఇది విను. చలికాలం యూరప్‌లో సీజన్ కాదు. అందుకే రేట్లు సగం. మ్యూజియంల దగ్గర క్యూలుండవు. కాకపోతే సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. సరస్సుల్లో పడవలు తిప్పరు. చిన్న ఊళ్లలో హోటళ్లు కూడా చాలావరకు మూసేస్తారు."

"మూస్తే మంచిదే. తోసుకునేవాళ్లుండరు."

"మూస్తే ఎక్కడ తింటాం అని."

"అవును, అదొకటుంది కదూ."

"దానికే ఒకటి చూసి పెట్టా. హోటల్ గదులు కాకుండా ఇళ్లు అద్దెకిస్తారు. పడక గదులు, హాలు, వంటగది. కరెంటు పొయ్యి. గిన్నెలూ ప్లేట్లూ అన్నీ వాళ్లవే."

"వంటగదా! ఇంకేం మరి? ఇదిగో, విన్నావా? అక్కడ వంటగది కూడా ఉందట."

"విన్నా."

"మీ అమ్మ మన పక్కనుండగా హోటల్ తిండి మనకెందుకే? పొద్దున్నే టిఫిన్ చేసేసుకుని, మధ్యాహ్నానికి డబ్బాల్లో సర్దేసుకుని బయల్దేరామంటే..."

"చేసేసుకుని."

"ఆఁ, చేసేసుకుని, సర్దేసుకుని..."

"ఎవరండీ, చేసేసుకునేది?"

"అదేం ప్రశ్న? మనమే."

"ఈ చొక్కా కాలర్ మీద గ్రీజు మరక పోనేలేదు. మళ్లీ నానబెట్టాలి."

"అమ్మా, నువ్వు కూడా ఇటు చూడు ఒకసారి. ఈ బొమ్మలో ఇదీ ఇల్లు. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, చూడు."

"పొయ్యి ముందుదేనా ఆ కిటికీ?"

"అవును! ఎలా కనిపెట్టావ్?"

"తెలుస్తుందిలే. ఇలాంటివి ఎన్ని ఇళ్లు?"

"నాలుగు ఊళ్లు కదా. రైలెక్కడం, దిగడం. ఊరికో ఇల్లు."

"నాలుగు వంటగదులు."

"మన చిన్న కుక్కర్ పెట్టుకుందాం. అక్కడివాళ్ల గిన్నెలు మనకి సరిపడవు. అసలు మా అక్కకైతే బయటి తిండి బొత్తిగా పడదు."

"అక్కయ్యగారూ వస్తున్నారా?"

"నీకు చెప్పలేదూ? నిన్న ఫోన్లో మాటల్లో వచ్చింది. మంచు చూడాలని సరదా పడింది పాపం. అక్కా బావా ఇద్దరూ. మొత్తం ఐదుగురం. ఐదుగురైతే ఇంటద్దె కూడా కలిసొస్తుంది, కదే?"

"నాకూ ఇప్పుడే తెలిసింది నాన్నా."

"బావకి బీపీ. ఆయనది ఉప్పు వెయ్యకముందే కాస్త విడిగా తీసి పెడితే చాలు. పెద్ద పనేం కాదు."

"కాదులెండి."

"వాషింగ్ మెషీన్ కూడా ఉందమ్మా ఆ ఇంట్లో. నీకు శ్రమ ఉండదు."

"ఎండ?"

"ఏంటి?"

"నాలుగున్నరకే చీకటన్నావుగా. బట్టలెక్కడ ఆరతాయి అని."

"గదిలో హీటరుంటుంది. దాని మీద పరుస్తారట, కొన్ని కొన్ని మార్చి మార్చి."

"ఐదుగురివి."

"ఆఁ. మార్చి మార్చి."

"ఆ హీటర్ల సంగతి నాకొదిలెయ్యండి. వేడీ చల్లనా నా శాఖ."

"గీజరు కూడా మీ శాఖే అన్నారు. పోయిన నెల నించీ వేన్నీళ్లు పొయ్యి మీదే కాస్తున్నా."

"పార్టు రావాలే!"

"వస్తుంది, వస్తుంది."

"ఇద్దరూ ఆగండి. వీసాకి వేలిముద్రలివ్వడానికి రోజు తీసుకోవాలి. అత్తయ్యావాళ్లది తర్వాత చూద్దాం. నాదీ నాన్నదీ పాస్‌పోర్టులున్నాయి. అమ్మా, నీదివ్వు."

"ఇస్తాలే. ముందు మీవి చెయ్."

"మన ముగ్గురివీ ఒకేసారి చెయ్యాలమ్మా. లేకపోతే తలా ఒక రోజిస్తారు."

"ఇస్తాలేవే. ఈ దుప్పటి అంచు పట్టుకో."

"పట్టుకున్నా. ఎక్కడ పెట్టావో చెప్పు, నేనే తీసుకుంటా. బీరువాలోనా?"

"లాగు. ఇంకొంచెం. సమంగా లాగవే, ఒకవైపు వేలాడుతోంది."

"అమ్మా."

"బీరువా తియ్యకు, అంతా మీద పడుతుంది."

"అసలు వచ్చిందా నీది? మా ఇద్దరివీ ఎప్పుడనగా వచ్చాయి."

"అదే నేనూ అడిగా ఒకసారి. వస్తుందిలెండి, వస్తుందిలెండి అంటుంది. ఆ ఆఫీసులో ఏసీలన్నీ చూసేది మనవాడే. రేపు నేను వెళ్లి ఒక మాట..."

"వద్దండీ."

"ఎందుకొద్దు? ఒక్క మాటతో..."

"నేను లోపలికి వెళ్లలేదు."

"ఎక్కడి లోపలికి?"

"పాస్‌పోర్టాఫీసు లోపలికి. ఆ రోజు."

"ముగ్గురం కలిసేగా వెళ్లామమ్మా! అప్లికేషన్ నేనే నింపాను!"

"నింపావ్. మీ ఇద్దరికీ ముందు టైమిచ్చారు, నాకు తర్వాత. మీదయ్యాక మీ నాన్న పనికి, నువ్వు కాలేజీకి. 'నీది ముగించుకుని ఆటోలో వెళ్లిపో' అన్నారు. నేను ఎదురుగా పార్కులో బెంచీ మీద కూర్చున్నా. నన్ను పిలిచే టైమైంది. దాటిపోయింది. లేవబుద్ధి కాలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. చాలా బాగుంది. ఎవ్వరూ నన్నేమీ అడగలేదు. ఒక కుక్క వచ్చి కాళ్ల దగ్గర కాసేపు పడుకుని వెళ్లింది. అదీ ఏమీ అడగలేదు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేదండీ. నిజంగానే అడగలేదు."

"మరి రెండేళ్లుగా యూరప్, యూరప్ అని నా ప్రాణం తోడింది ఎవరు? పనిలేని రోజులు కదా, చలికాలమైతే చవక కదా అని నాకు నూరిపోసింది ఎవరు? పక్కింటావిడా?"

"నేనే. మీరు వెళ్లాలని."

"మేం వెళ్తే నీకేమొస్తుంది?"

"ఇల్లుంటుంది."

"ఇల్లెక్కడికి పోతుందే?"

"ఎక్కడికీ పోదు. ఖాళీగా ఉంటుంది. నాకది కావాలి. అమ్మయ్య, అనేశా."

"చిట్టీ, ఏమంటోందే మీ అమ్మ?"

"చెప్పనివ్వు నాన్నా."

"ఎండాకాలం మీకు ఊపిరాడదు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్తే మళ్లీ దీపాలు పెట్టాకే రాక. ఆ ఎండలో ఎవరెవరి మేడలెక్కి దిగుతుంటారోనని జాలేస్తుంది. జాలి వేరు. పగలంతా ఇల్లు నాది. చలి మొదలైందా, మీరింట్లో. ఇప్పుడో టీ, అప్పుడో టీ. ఇదిగో, స్క్రూడ్రైవరేది? ఇదిగో, ఈ వాసనేంటి? ఇదిగో, ఒకసారిలా రా, ఈ వైరు పట్టుకో. ఇదిగో, ఇదిగో, ఇదిగో. ఆ మిక్సీ చూడండి. బంగారంలా నడుస్తోంది. విప్పి చాప నిండా పరిచారు."

"శబ్దం తేడాగా వస్తోంది కదా అని..."

"నాకు తేడాగా రాలేదండీ."

"అంటే, నేనింట్లో ఉండటం నీకు బరువు."

"బరువని కాదు."

"మరి?"

"అలిసిపోయా. అంతే. దానికింకో పేరు లేదు."

"నాతోనైనా చెప్పొచ్చు కదమ్మా?"

"ఎప్పుడు చెప్పనే? అమ్మా, నా తెల్ల టాప్ ఎక్కడ అంటూ వస్తావ్. అది వెతికి ఇచ్చేలోపు వెళ్లిపోతావ్. నీ మీద కోపం కాదులే."

"ఒక్కదానివే ఇంట్లో ఏం చేస్తావమ్మా?"

"ఏమీ చెయ్యను."

"బోరు కొడుతుంది."

"కొట్టనీ. ఎన్నాళ్లయిందో అది కొట్టి."

"తిండో?"

"ఆకలేస్తే తింటా. లేకపోతే లేదు. నిలబడి ఒక అరటిపండు. గిన్నె కడగక్కర్లేనిది ఏదైనా."

"సరే. తేలిపోయింది. ఎవ్వరం వెళ్లొద్దు, రద్దు! నిన్నిక్కడ వదిలేసి మేం మంచులో ఫొటోలు దిగుతామా? జనం ఉమ్మేస్తారు. అందరం ఇంట్లోనే ఉందాం. హాయిగా, నీతో."

"హాయిగా."

"అంతే. అక్కనీ బావనీ కూడా ఇక్కడికే రమ్మంటా. పాపం ఆశపడ్డారు."

"నాన్నా, అసలు నువ్వు వింటున్నావా?"

"వింటున్నాను కాబట్టేగా మానేస్తోంది? మీ అమ్మ కంటే నాకు మంచు ఎక్కువా? ఇదిగో, ముందో టీ పెట్టు. గొంతెండిపోయింది."

"నాన్నా!"

"ఏంటే? ఏమన్నానిప్పుడు?"

"పెడతాలెండి. ఈ రెండు తువ్వాళ్లూ అయ్యాక."

"అమ్మా, నువ్వు లేవకు. కూర్చో."

"కూర్చునే ఉన్నాగా. ఏవండీ, పోయిన ఎండాకాలం బట్టల కొట్టాయన్ని ఫోన్లో కేకలేశారు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఏసీ ఆపడం, మరుక్షణం మళ్లీ వెయ్యడం. రోజంతా అదే ఆట."

"కాసేపు ఆగనివ్వాలయ్యా, కంప్రెసర్ కాలిపోతే నన్ననొద్దు అని చెప్పారు. ముందు కేకలేసినా, తర్వాత చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. నేను వంటింట్లోంచి వింటున్నా."

"చెప్పాను. అయితే?"

"ఏం లేదు. బాగా చెప్పారని."

"అమ్మా, ఆ తువ్వాళ్లిలా ఇవ్వు, నేను మడతపెడతా."

"నీకు మూలలు కలవవు."

"కలవకపోతే కలవకపోనీ, ఇవ్వు. నాన్నా? ఏంటలా లేచావ్? మిక్సీ అలాగే వదిలేశావేం? నాన్నా, చెప్పులెందుకు? ఈ చలిలో ఎవడు పిలిచాడు నిన్ను? స్వెట్టరన్నా వేసుకో. నాన్నా, ఎక్కడికి?"

"వెళ్లిపోయారా?"

"వెళ్లిపోయాడు. స్వెట్టరన్నా వేసుకోలేదు. బాగా కోపమొచ్చినట్టుందమ్మా."

"రాదా మరి."

"వెనక్కి పిలవనా?"

"వద్దు. ఎక్కడికెళ్తారు, వస్తారు. నేనే ఎక్కువ వాగాను. ఆయన మాత్రం ఏం చేశారు పాపం? పని లేకపోతే ఇంట్లో ఉండక వీధిలో ఉంటారా? ఆయన మొహం చూశావా?"

"చూశా. కానీ నువ్వన్నదాంట్లో తప్పేముంది?"

"తప్పొప్పుల సంగతి కాదే. మంచు, మంచు అని ఎంత మురిసిపోయారు. ఐదుగురికి వండితే చచ్చిపోతానా? ఇక్కడ చెయ్యట్లేదూ? అక్కడా చేస్తా. కొండ చూస్తూ చేస్తా. పాస్‌పోర్టుకి మళ్లీ పెట్టు. ఈసారి లోపలికి వెళ్తాలే."

"అలా అనకమ్మా."

"పెట్టమంటున్నానుగా. ఆ మిక్సీ ముక్కలు కూడా ఒక పళ్లెంలోకి ఎత్తు, కాలికి తగిలి ఎటో పోతాయి. ఏంటది, నీ ఫోనేనా?"

"ఆఁ. నాన్న మెసేజ్ పెట్టాడు."

"రాత్రికి భోజనానికి రానంటారా?"

"అమ్మా..."

"చదువవే. తిట్లయినా పర్లేదు, చదువు."

"'మెట్ల కింద ఉన్నా. నువ్వు కూడా ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చెయ్, తలుపు చప్పుడు చెయ్యకు. ఇక్కడే కూర్చుని మన టికెట్లు చూద్దాం. అక్కడ నేనూ అక్కా కలిసి ఏదో ఒకటి ఉడకేస్తాం, మాడితే తింటాం. వచ్చేముందు మీ అమ్మని ఒక్క మాటడుగు. ఇల్లు తనకి వారం చాలా, రెండు వారాలు కావాలా?'"