బయ్యారం గుట్టను పండబెట్టిన రోజు

మానుకోట బస్టాండు ఎదుట, వీరేందర్ చాయ్ బండి దగ్గర కుమారస్వామి కూర్చున్నాడంటే ఇంకొకరికి మాట దొరకదు. ఒకప్పుడు చేత్తో చెరువుల నక్షాలు గీసినవాడు. ఇప్పుడు మేనకోడలు సింధూజ కంప్యూటర్ షాపులో గీస్తాడు. ఆ రోజు తండా నుంచి తుల్సీబాయి వచ్చింది.

"కుమారన్నా, కొత్త పిల్లకాలువ నీళ్లు నా రెండెకరాలకు ఎక్కుతయా? నక్షా నీ దగ్గరనే ఉన్నదట. ఎక్కుతయంటే రేపే నారు పోసుకుంట."

"ఆ నక్షా ముచ్చటే చెప్త, కూసో చెల్లె. ఇంజినీర్లు పంపిన కంప్యూటర్ బొమ్మ అది. మీదికెళ్లి చూస్తే గీతలన్ని కలిసినట్టే ఉంటయి, పక్కకెళ్లి చూస్తే ఒకటి మోకాలెత్తుల, ఇంకోటి తాడిచెట్టెత్తుల. దేని ఎత్తుల అది గాలిల నిలబడ్డది. కలుపుదామంటే కలువయి, పొడుగు కొలిస్తె తప్పొస్తది. సింధూజ రెండు దినాలు పరేషాన్. జర జరుగు బిడ్డా అన్న. నలభై గీతలు పట్టి, ఒక్క నొక్కుడుతోని అన్నిటిని సున్న ఎత్తుకు పండబెట్టిన."

"నలభయ్యేనా?" అన్నాడు వీరేందర్.

"నాలుగు వేలు! అడ్డం రాకు. గీత విలువ నీకేం తెలుసురా? బచ్చన్నపేట ఎండల ఈ తుల్సీబాయి నాయిన భీమ్లా అంకెల కర్ర పట్టుకొని నిలబడేటోడు, నేను దుర్బిన్ల చూసి ఎత్తు రాసుకునేటోన్ని. పొద్దంత నడిస్తె ఒక్క గీత. ఒక్క ముంతల అంబలి ఇద్దరం తాగినం. కర్ర ఇసుమంత వంగితే నేను తిట్టేది, ఆయన నవ్వేది. గసొంటి మనిషి మళ్ల దొరకలే. గంత కష్టమైన గీతలను ఒక్క వేలుతోని పండబెట్టిన నేను! ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? కిటికీల చూస్తే బయ్యారం గుట్ట లేదు. సాపుగ అయిపోయింది!"

"మా తండకెళ్లి రోజూ కనవడుతది గదన్నా?"

"మళ్ల లేపిన చెల్లె, పాపమని. అటు డోర్నకల్ల గూడ్సుబండికి ఎక్కుడు దిగుడు లేక, ఇంజను లేకుండనే ఉరికింది. సున్న అంటే సున్ననే, కింద ఉన్నది గూడ మీదికి రావాలె గదా? భూపాలపల్లిల బొగ్గు దానంతటదే బయటికొచ్చి కూసున్నది. బాయిల దిగిన కార్మికులు నిలబడ్డకాడనే మీదికొచ్చి, నా పేరడిగి చాయ్ తాగిండ్రు!"

వీరేందర్ నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టాడు. తుల్సీబాయి నవ్వలేదు.

"అన్నీ ఒక్క తీరు చేసినవ్, మంచిదే. మరి నా రెండెకరాల చెలక కాలువకు మీద ఉన్నదా, కింద ఉన్నదా? గదొక్కటి చెప్పు."

కుమారస్వామి తల గోక్కున్నాడు. చాయ్ కోసం వచ్చిన సింధూజ ఆ మాట విని ఆగిపోయింది.

"మామా, ఎత్తులున్న ఫైలు పక్కకు పెట్టుకొనే పండబెట్టినవ్ గదా?"

"దాని మీదనే సేవ్ కొట్టిన బిడ్డా."

"అయ్యో మామా! గిప్పుడెట్ల?"

"ఇంజినీర్లకు ఫోన్ చెయ్యి. మళ్ల పంపమను. తప్పు నాదే అని చెప్పు." తుల్సీబాయి వైపు చూడకుండానే అన్నాడు. "నారు ఇప్పుడే పోయకు చెల్లె. ఎక్కుతయో లేదో నాకు తెల్వదు."

తుల్సీబాయి సంచి భుజానికేసుకుంది.

"గీ ముక్క ముందే చెప్తే పన్నెండు గంటల బస్సు దొరుకుతుండె గదన్నా."