అచ్చొచ్చిన ఖాతా

హలో… ఆ, నేనేరా, బావనే… ఏంటీ? గట్టిగా చెప్పు, అచ్చు మిషను హోరులో వినబడి చావట్లేదు… జబ్బా? ఎవరికిరా జబ్బు?

ఏమేవ్, ఆ మిషను ఆపు! మీ తమ్ముడు, బ్యాంకు నుంచి… ఎవరికో జబ్బంటున్నాడు… నాకేం తెలుసే, కనుక్కోనీ! అత్తయ్యా, మీరప్పుడే శోకాలు మొదలెట్టకండి!

ఆ, ఇప్పుడు చెప్పు… జబ్బు కాదా? మరి?… జప్తు?

…

ఉండు. అరుగు మీదికి వస్తున్నా.

ఆ. ఎవరి ఖాతా?… నాదా? కొత్తదేనా?… సరిగ్గా అడిగావా?… ఫ్రీజ్ చేశామన్నారా! మరింకేం, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడివి, నువ్వే ఓ చెయ్యి వెయ్యి… అబ్బే, నవ్వట్లేదురా. పాడు నోరు, అలవాటైపోయింది.

కోర్టు కాగితమా… ఎవరు పంపించారు?… పేపరు షావుకారా! కాగితం బాకీ కేసులో తీర్పు వాడికే వచ్చింది, కాదనను. కానీ వాడికి తెలిసింది నా పాత ఖాతారా. వాడికిచ్చిన చెక్కులన్నీ దానివే. అందుకేగా దాన్ని ఊడ్చేసి, ఊరి ఆ చివర ఇది తెరిచింది… ఎవరికి చెబుతాను? నీకు తప్ప ఈ ఇంట్లోనే ఎవరికీ…

ఉండుండు.

పోయిన వారం ఒకాయన వచ్చాడు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ఐదొందల విజిటింగ్ కార్డులు కావాలన్నాడు. బేరం ఆడలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది… "చేతిలో నగదు లేదండీ, ఖాతాలో వేస్తాను, నంబరివ్వండి" అన్నాడు… ఇవ్వడమేంట్రా, అచ్చేసి మరీ ఇచ్చా! బిల్లు మీద, లావు అక్షరాల్లో, బ్యాంకు పేరుతో సహా! అచ్చు పని అచ్చొచ్చిందని మురిసిపోయా…

ఏం కార్డులంటే… "బాకీల వసూలు మా ప్రత్యేకత"… ఆ. నేనే వేశా. "బాకీ"లో దీర్ఘం మర్చిపోతే నేనే దిద్ది పెట్టా…

వేశాడు, డబ్బు పూర్తిగా వేశాడు. ఎందుకు వెయ్యడు? ఖాతా నాదో కాదో రూఢి చేసుకోవాలిగా. ఎర వెయ్యకుండా ఎలకని ఎవడు పడతాడు?

…

నీ డబ్బు… ఆ, అదీ అందులోనే… షాపు పెట్టుకోడానికి ఆటో అమ్మిన డబ్బని వాళ్ళతో చెప్పావా?… ఏమన్నారు?… నిజమే. డబ్బుకి పేరుండదు, ఖాతాకే ఉంటుంది. ఆ పేరు నాది… నేనే అడిగాను, కాదన్నానా? పది రోజులు ఖాతా నిండుగా కనబడితే లోను ఇస్తామన్నారు. పూత చూపించి కాత తెచ్చుకుందామనుకున్నా… చెట్టే కూలింది.

సాయంత్రం లోపల అడ్వాన్సు కట్టాలా? నీకు షాపు అద్దెకిస్తానన్నాయన ఆగడా?… ఇంకొకరికి ఇచ్చేస్తాడా… నేను మాట్లాడతా… ఎందుకు మాట్లాడకూడదు?… సరేలే. చెక్కే చెల్లనివాడి మాటేం చెల్లుతుంది.

వకీలుని పెట్టి, అది నీదని రుజువు చేస్తే… నెలలు పడుతుంది, అవును… షాపు దక్కదు, అవును… తిట్టు. ఇంకా తిట్టు, ఫరవాలేదు…

ఒరేయ్, మీ అక్క వస్తోంది. చీర మార్చేసింది, సంచి సర్దేసింది. ఆస్పత్రికి బయల్దేరిపోయింది… దానికి నీ డబ్బు సంగతే తెలీదురా. నువ్వే చెప్పు, నీ నోటితో అయితే కాస్త… హలో? ఒరేయ్… హలో?

పెట్టేశాడు.

లేదే, ఏ ఆస్పత్రీ లేదు. సంచి దించు. అత్తయ్యా, మీరూ రండి, కూచోండి. ఎవరికీ ఏ జబ్బూ లేదు. మిషను హోరులో నాకే తప్పు వినబడింది. వాడన్నది జబ్బు కాదు, జప్తు… నా ఖాతా. పేపరు షావుకారు పట్టించాడు… అయ్యో, దేవుడికి దణ్ణాలు దేనికి అత్తయ్యా…

నవ్వకే. నవ్వకు. అందులో ఉన్నది మీ తమ్ముడి ఆటో.